పలాస కళ్ళతో స్టేక్‌హౌస్ వైన్ జాబితా చదవడం ఎలా

గత డిసెంబరులో ఒకరోజు తెల్లవారి ఆరు గంటలకు డాలస్ నుంచి మా మేనల్లుడు సందేశం పంపాడు. "మావయ్యా, ఆఫీసు వాళ్ళు స్టేక్‌హౌస్‌కి తీసుకొచ్చారు. వైన్ నువ్వే ఎంచు అని జాబితా నా చేతిలో పెట్టారు. నలభై పేజీలుంది. చేతులు కడుక్కునే వంకతో లేచొచ్చి రాస్తున్నాను, తొందరగా చెప్పు." మా వీధిలో అప్పుడే జీడిపిక్కల లారీ దించుతున్నారు. ఆ బస్తాల చప్పుడు మధ్య వాడికి నాలుగు ముక్కలు చెప్పాను. అవే ముక్కలు ఇప్పుడు తీరిగ్గా మీకు చెబుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి అమెరికాకో దుబాయికో వెళ్ళిన పిల్లలు వీధికి నలుగురున్నారు. ఆ జాబితా ఏదో ఒకరోజు వాళ్ళ చేతిలోనో, వాళ్ళను చూడబోయిన మీ చేతిలోనో పడుతుంది.

నేను పదకొండేళ్ళు విహార నౌకల భోజనశాలల్లో, మరో మూడేళ్ళు గల్ఫ్‌లో ఒక స్టేక్‌హౌస్‌లో వడ్డించాను. వైన్ గురించి అక్కడే తెలుసుకున్నాను గానీ, సరుకును అంచనా కట్టడం మాత్రం అంతకు ముందే, పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రెండూ ఒకటే విద్య.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మన ఊళ్ళలో వైన్ షాపు అంటే బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే కొట్టు. అక్కడ నిజంగా వైన్ అడిగితే కుర్రాడు ఎగాదిగా చూసి, అటక మీద నుంచి దుమ్ముపట్టిన సీసా ఒకటి తీస్తాడు. ఇక్కడ నేను చెప్పే వైన్ ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసినది. స్టేక్‌హౌస్ అంటే గొడ్డు మాంసాన్ని మందమైన ముక్కలుగా కోసి నిప్పుల మీద కాల్చిపెట్టే భోజనశాల. అది ముట్టని వాళ్ళు మనలో చాలామంది ఉంటారు, వాళ్ళు అక్కడ గొర్రె చాప్స్, కోడి, సాల్మన్ చేప తింటారు. మీరు చుక్క ముట్టకపోయినా సరే, బిల్లు కట్టేది మీరైతే ఈ లెక్క తెలిసి ఉండాలి.

ముందు జాబితాను మధ్యలో తెరవండి

బస్తా పైన పోసిన సరుకు ఎప్పుడూ బాగానే ఉంటుంది. నాన్న పై పిక్కల వంక చూసేవాడు కాదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపలి నుంచి గుప్పెడు తీసేవాడు. వాటిని ఒక్కొక్కటే కత్తితో చీల్చి, ఎన్ని తెల్లగా ఉన్నాయి, ఎన్ని నల్లబడ్డాయి, ఎన్ని పొల్లు అని లెక్కపెట్టి, అప్పుడు ధర మాట్లాడేవాడు.

వైన్ జాబితాలో మొదటి పేజీ బస్తా పైపొర. గ్లాసు లెక్కన అమ్మేవీ, షాంపేన్లూ, 'ఈ నెల ప్రత్యేకం' అనే చతురస్రమూ అక్కడ ఉంటాయి. చివరి పేజీల్లో వేల డాలర్ల సీసాలుంటాయి, అవి చాలావరకు చూసి గుండెలు బాదుకోవడానికి. ఈ రెండూ వదిలి నడుమ పేజీలకు వెళ్ళండి. అమెరికా పెద్ద నగరాల స్టేక్‌హౌసుల్లో 60 డాలర్ల నుంచి 150 డాలర్ల మధ్య ఉన్న సీసాలను చూడండి. ఆ ధరలో ఎన్ని ఉన్నాయి? ఎన్ని దేశాలవి? మూడు వందల డాలర్ల పైన పేజీలకు పేజీలుండి, వంద లోపు నాలుగే పేర్లుంటే, ఆ జాబితా కంపెనీ కార్డుతో కట్టేవాళ్ళ కోసం రాసినది. సొంత జేబులోంచి తీసేవారిని దృష్టిలో పెట్టుకుని రాసిన జాబితాలో చవక వరుసలు కూడా ఎవరో రుచి చూసి ఎంచినట్టుంటాయి.

స్టేక్‌హౌస్ జాబితాలో కాలిఫోర్నియాలోని నాపా లోయ కాబర్నే సోవిన్యాన్‌లు (ఆ పేరుగల నల్లద్రాక్షతో చేసే ఎర్ర వైన్లు) సగానికి సగం ఉండటం తప్పేమీ కాదు, అది ఆచారం. దాని వెనుక ఒక కథ ఉంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్లేయ వ్యాపారి లేబుళ్ళు కనబడకుండా వైన్లు పోయించి, ఫ్రెంచి నిపుణుల చేతే మార్కులు వేయించాడు. ఎర్ర వైన్లలో మొదటి స్థానం ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు మహామహులను దాటి నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ 1973 కాబర్నేకు వచ్చింది. ఆ దెబ్బతో నాపా పేరూ, ధరా రెండూ పైకి లేచాయి. ఇప్పుడు నాపా అన్న రెండక్షరాలకే మీరు కొంత చెల్లిస్తారు. అందుకే ఆ పేజీ పక్కన ఏముందో చూడండి. వాషింగ్టన్ రాష్ట్రం, అర్జెంటీనాలోని మెండోజా మాల్బెక్, స్పెయిన్‌లోని రియోహా, చిలీ, ఆస్ట్రేలియా షిరాజ్ (మాల్బెక్, షిరాజ్ కూడా ఎర్ర వైన్ ద్రాక్షలే). ఇవి తలా ఒకటి మొక్కుబడిగా ఉన్నాయా, నాలుగైదు చొప్పున ఉన్నాయా? నాలుగైదు ఉంటే జాబితా రాసినవాడు తాగి ఎంచాడని అర్థం. మీ డబ్బుకు విలువ చాలాసార్లు ఈ పక్క పేజీల్లోనే దొరుకుతుంది.

పుస్తకం లావు చూసి మోసపోకండి. ఫ్లోరిడాలోని టాంపాలో బెర్న్స్ స్టేక్‌హౌస్ అని ఉంది, 1956 నుంచి నడుస్తోంది. దాని నిల్వలో ఐదు లక్షలకు పైగా సీసాలున్నాయంటారు. అటువంటి చోట లావుకు అర్థముంది. అందరి లావూ అది కాదు. గోడ మీద వేలాడే అవార్డు పలకా అంతే. వైన్ స్పెక్టేటర్ పత్రిక 1981 నుంచి రెస్టారెంట్ల జాబితాలకు మూడు స్థాయిల్లో అవార్డులిస్తోంది. 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్ అనే రచయిత మిలాన్‌లో లేనేలేని ఒక రెస్టారెంటు పేరు పెట్టి, 250 డాలర్ల రుసుము కట్టి, ఆ పత్రికే గతంలో తక్కువ మార్కులిచ్చిన వైన్లను ఖరీదైన విభాగంలో చేర్చి దరఖాస్తు పంపితే అవార్డు వచ్చింది! వంటశాల లేదు, బల్లలు లేవు, అవార్డు మాత్రం ఉంది. అది మొదటి స్థాయి అవార్డు, పై స్థాయిలకు పరిశీలన గట్టిగానే ఉంటుంది. అయినా పలక కంటే పేజీనే నమ్మండి.

ఒక్కో వరుసలో ఏమి చెప్పారో చూడండి

పలాసలో మంచి వ్యాపారి 'మంచి పప్పండీ' అనడు. డబ్ల్యు 240 అంటాడు, డబ్ల్యు 320 అంటాడు. పౌనుకు 220 నుంచి 240 గుండ్లు తూగితే మొదటిది, 300 నుంచి 320 తూగితే రెండోది. సంఖ్య తక్కువైన కొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. గ్రేడు చెప్పకుండా తియ్యటి మాటలు చెప్పేవాడి దగ్గర బద్దలు కలిసి ఉంటాయని మా ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు.

వైన్ వరుసలో కూడా నాలుగు సంగతులుండాలి: చేసినవారి పేరు, ద్రాక్ష రకం లేదా ఊరు, కోత సంవత్సరం, ధర. 'కాబర్నే సోవిన్యాన్, కాలిఫోర్నియా, 70 డాలర్లు' అని మాత్రమే రాస్తే అది గ్రేడు చెప్పని బస్తా. కాలిఫోర్నియా మన ఆంధ్రప్రదేశ్‌కు రెండున్నర రెట్లుంటుంది, అందులో ఏ మూల ద్రాక్షో ఎవరికి తెలుసు! లోయ పేరు, వీలైతే తోట పేరు ఉండాలి. చెప్పే కొద్దీ దాచడానికి చోటు తగ్గుతుంది.

సంవత్సరం దగ్గర కాస్త ఆగండి. 2020లో నాపాలో కార్చిచ్చుల పొగ ద్రాక్షకు పట్టడంతో చాలామంది ఆ ఏడు ఎర్ర వైన్ చేయనేలేదు. బోర్డోలో 2013 నీరసమైన ఏడు, 2010, 2016 గొప్పవి. జాబితాలో సంవత్సరం లేకపోతే ఈ తేడాలన్నీ మీ నుంచి దాచినట్టే. ఇంకో సంగతి. కాబర్నేలన్నీ గత రెండు మూడేళ్ళవే అయితే ఆ చోట నిల్వగది లేదన్నమాట, లారీ తెచ్చినది తెచ్చినట్టు అమ్మేస్తున్నారు. ఏడెనిమిదేళ్ళ సీసాలు కొన్ని, కొత్తవాటికంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ ధరకు కనబడితే అక్కడ ఓపికున్న మనిషి ఉన్నాడు. ఆ వరుసలను గుర్తుపెట్టుకోండి.

'రిజర్వ్' అన్న మాటకు లొంగకండి. అమెరికాలో దానికి చట్టం ప్రకారం ఏ అర్థమూ లేదు, ఎవరైనా ఏ సీసా మీదైనా అచ్చు వేసుకోవచ్చు. అదే స్పెయిన్ రియోహాలో 'రెసెర్వా' అంటే కనీసం మూడేళ్ళు నిల్వ ఉంచాలి, అందులో ఒక ఏడాది ఓక్ పీపాలో. 'గ్రాన్ రెసెర్వా'కు ఐదేళ్ళు. అంటే మీ తరఫున మరొకరు ముగ్గబెట్టి ఇస్తున్నారు. ఆ శ్రమకు రియోహా అడిగే ధర నాపాతో పోలిస్తే చాలా మర్యాదగా ఉంటుంది. నాకు ఇష్టమైన పేజీ అదే, పక్షపాతం అనుకుంటే అనుకోండి.

తెలిసిన సరుకుతో ధర తూచండి

కొత్త ఊళ్ళో కిరాణా కొట్టు చవకో ప్రియమో ఎలా చూస్తారు? కిలో కందిపప్పు ధర అడుగుతారు. వైన్ జాబితాకు కూడా ఒక కందిపప్పు కావాలి. పసుపు లేబుల్ వవ్ క్లికో షాంపేన్ దాదాపు ప్రతి జాబితాలోనూ ఉంటుంది. ముందుగా ఫోనులో దాని దుకాణం ధర చూసుకోండి. జాబితాలో దానికి రెండు రెట్లుంటే మర్యాదస్తులు. రెండున్నర మామూలు. మూడు దాటితే మిగతా పేజీలనూ అదే అనుమానంతో చదవండి. రెండో కందిపప్పుగా మీరు కొనబోయే ధరలోనే ఏదైనా ఒక సీసాను వైన్ సెర్చర్ వంటి ధరల సైటులో చూడండి. ఇద్దరు మాట్లాడుకుంటున్నప్పుడు ఫోను బల్ల కింద పెట్టుకుని చూడటం మర్యాద కాదనుకుంటే, చాలా రెస్టారెంట్లు జాబితాను తమ సైటులోనే పెడతాయి, ఇంటి దగ్గరే చూసుకుని వెళ్ళండి. మా మేనల్లుడికి ఆ తీరిక లేకపోయింది.

ఈ రెట్ల లెక్క అన్ని సీసాలకూ ఒకేలా ఉండదు. దుకాణంలో 20 డాలర్ల సీసా జాబితాలో 65 అయితే మూడు రెట్లకు పైన, 100 డాలర్ల సీసా 190 అయితే రెండు రెట్లు కూడా లేదు. శాతంలో రెండోదే నయం. కానీ జేబులోంచి అదనంగా పోయేది మొదటిదానికి 45, రెండోదానికి 90. శాతం చూసి మురిసిపోయి ఖరీదైనది తీసుకోవడం, సంతలో తగ్గింపు ఇచ్చారని అక్కరలేని రెండో గంప కొనడం లాంటిది.

జాబితాలో రెండో చవక సీసా మీదే అందరికన్నా ఎక్కువ లాభం వేస్తారని చాలామంది నమ్ముతారు. అతి చవకది అడగడానికి సిగ్గుపడి జనం దాని పై మెట్టు ఎక్కుతారని ఆ నమ్మకం. లండన్ రెస్టారెంట్ల జాబితాలు తీసుకుని లెక్కగట్టిన ఆర్థికవేత్తలకు అలా తేలలేదు. లాభం శాతం ఎక్కువగా ఉన్నది జాబితా నడుమ భాగంలో. నాన్న చెయ్యి దూర్చిన చోటే! కాబట్టి రెండో చవకది అడగడానికి భయపడకండి. నడుమ వరుసల్లో మాత్రం ధర చూసుకోకుండా వేలు పెట్టకండి.

గ్లాసు లెక్క చిన్నది. సీసా 750 మిల్లీలీటర్లు, అమెరికా గ్లాసు దాదాపు 150, అంటే సీసాకు ఐదు గ్లాసులు. సీసాకు రెస్టారెంటు కట్టిన ధర మొదటి గ్లాసుతోనే వచ్చేయాలన్నది ఆ వ్యాపారంలో పాత లెక్క. ముగ్గురు ఒకటే తాగేలా ఉంటే, తలా గ్లాసున్నర దాటుతుందనిపిస్తే సీసా తీసుకోండి. గ్లాసే కావాలంటే 'ఈ సీసా ఎప్పుడు తెరిచారు' అని అడగండి. తెరిచి రెండు రోజులు బయటే పెట్టిన ఎర్ర వైన్ వాడిన పువ్వులా ఉంటుంది. ఒక మాట మరిచిపోవద్దు: అమెరికాలో జాబితా ధర మీద పన్ను, టిప్పు కూడా పడతాయి. పన్ను 8 శాతం, టిప్పు 20 శాతం అనుకుంటే వంద డాలర్ల సీసా 128 అవుతుంది.

మన దేశంలో లెక్క వేరు. దిగుమతి వైన్ మీద ఏళ్ళ తరబడి 150 శాతం దాకా కస్టమ్స్ సుంకం వేస్తూ వచ్చారు. దానిమీద రాష్ట్ర పన్నులు, దానిమీద హోటలు లాభం. విశాఖ స్టార్ హోటల్లో మామూలు చిలీ వైన్ ధర చూసి అది గొప్పదనుకోకండి, అందులో పెద్ద భాగం ఈ సుంకాలూ, పన్నులూ, హోటలు లాభమూనే. ఇక్కడ జాబితాను భారతీయ వైన్ల పేజీతో తూచాలి. నాసిక్ సులా ఒక్కటే పెట్టి ఊరుకున్నారా, నంది కొండల దగ్గరి గ్రోవర్ జంపా, అక్లూజ్‌లోని ఫ్రాటెల్లి, హంపి కొండల్లో మన తెలుగువారైన చిగురుపాటి దంపతులు పెంచిన క్రస్మా వంటివి కూడా ఉన్నాయా చూడండి.

తిండితో కుదురుతుందా

చిన్నప్పుడు తోటలో జీడిమామిడి పండు కొరికితే నాలుక ఎండిపోయి గొంతు పట్టేసేది. అప్పుడు అమ్మమ్మ పండును అడ్డంగా కోసి ఉప్పు రాసి ఇచ్చేది. వగరు సగం పోయేది, తీపి బయటికొచ్చేది. ఆ వగరునిచ్చే టానిన్లే కాబర్నే వైన్లోనూ ఉంటాయి. ఉప్పు చల్లి కాల్చిన కొవ్వు మాంసం ఆ వగరును మెత్తబరుస్తుంది. స్టేక్‌హౌసులు కాబర్నేను నెత్తిన పెట్టుకోవడానికి అసలు కారణం ఇది.

కాబట్టి కొవ్వు ఎక్కువుండే రిబ్ ఐ ముక్కకు, గొర్రె చాప్స్‌కు కాబర్నే, మాల్బెక్, షిరాజ్. కొవ్వు లేని ఫిలే ముక్కకు అంత వగరు అక్కరలేదు, మెత్తటి ఎర్ర వైన్ మెర్లో, ముదిరిన రియోహా చాలు. సాల్మన్‌కు తేలికపాటి ఎర్ర వైన్ పినో నువార్, కోడికి తెల్ల వైన్ షార్డొనే. ఇవన్నీ ఒక బల్ల మీదే ఉంటే పినో నువారో రియోహానో అందరికీ నడుస్తుంది. జాబితాలో తేలికపాటి ఎర్ర వైన్లు అసలు లేకుండా పదిహేను శాతం ఆల్కహాలున్న కాబర్నేలే నిండి ఉంటే దానికి మార్కులు తగ్గించండి. మిరియాల ఘాటుతో కలిసి ఆ ఆల్కహాలు నోటిని ఇంకా మండిస్తుంది, కారం తినే మనకు కూడా.

మనిషిని అడగండి, కానీ ఇలా

పెద్ద చోట్ల సొమెలియే అని వైన్ చూసే ఉద్యోగి ఉంటారు. ధర పైకి చెప్పడానికి మొహమాటంగా ఉంటే జాబితాలో మీకు సరిపోయే ధర మీద వేలు పెట్టి 'ఈ చుట్టుపక్కల ఏదైనా చెప్పండి' అనండి. వాళ్ళకు అర్థమవుతుంది. మీరు వేలు పెట్టిన ధర కంటే కాస్త తక్కువది చూపించి ఎందుకో చెబితే ఆ మనిషిని నమ్మవచ్చు. రెట్టింపుది చూపితే థాంక్స్ చెప్పి మీరే ఎంచుకోండి.

'ఈ రోజు మీ సిఫార్సు ఏమిటి' అని మాత్రం అడగకండి. నేను పనిచేసిన ఒక చోట సాయంత్రం తలుపులు తీసే ముందు మేనేజరు చిన్న కాగితం ఇచ్చేవాడు. అమ్ముడుపోక మిగిలిన పెట్టెల పేర్లు అందులో ఉండేవి. మేము అవే పేర్లను నవ్వుతూ బల్లల దగ్గర చెప్పేవాళ్ళం. 'మీరు సొంత డబ్బుతో ఏది కొంటారు' అని ఎవరైనా అడిగితే కాగితం పనిచేసేది కాదు, నిజం నోటికొచ్చేది.

సీసా వచ్చాక

మూత తీయకముందే లేబుల్ మీద పేరూ సంవత్సరమూ చదవండి. విశాఖలో ఒక హోటల్లో జాబితాలో 2015 అని ఉన్న సీసాకు 2019ది తెచ్చారు, అదే ధరకు. అడిగితే 'స్టాకు మారింది సార్' అన్నారు. మారితే ధరా మారాలి, లేకపోతే సీసా వెనక్కి వెళ్ళాలి. నేను వెనక్కి పంపాను. ఈ ఒక్క విషయంలో జాబితా నిజాయితీ అంతా బయటపడుతుంది.

తర్వాత గ్లాసులో కొద్దిగా పోసి మీ వంక చూస్తారు. నచ్చిందా అని కాదు, పాడైందా అని అడుగుతున్నారు. వాసన చూస్తే చాలు. వానాకాలంలో తడిసి ఆరిన పాత న్యూస్‌పేపర్ కట్ట వాసన వస్తే బిరడా పాడైంది, మొహమాటం లేకుండా వెనక్కి ఇవ్వండి. ఉడికిన పండ్ల పాకంలా ఉంటే ఎండలోనో వంటగది పక్కనో నిలవుంది. ఎర్ర వైన్‌ను మామూలు గది వేడిలో తాగాలన్న మాట చల్లటి రాతి ఇళ్ళ ఐరోపాలో పుట్టింది, మే నెల శ్రీకాకుళంలో కాదు. 15 నుంచి 18 డిగ్రీలు సరైనది. సీసా చేతికి వెచ్చగా తగిలితే పది నిమిషాలు మంచు బకెట్లో పెట్టమనండి, ఎవరూ నవ్వరు.

మేనల్లుడికి ఆ పూట రియోహా రెసెర్వా చెప్పాను, 72 డాలర్లది. బిల్లులో 27 ఎక్కువ వేశారట, పక్క వరుస సీసా ధర పడింది. జాబితాకు ఫోటో ఉంది కాబట్టి చూపిస్తే సరిచేశారు. మీరూ ఎంచిన వరుసను ఒక ఫోటో తీసి పెట్టుకోండి. సీసాలో సగం మిగిలితే వదిలేసి రావద్దు, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మూత బిగించి సంచిలో పెట్టి ఇస్తారు. కారులో సీటు పక్కన కాకుండా డిక్కీలో పెట్టండి. ఇంటికెళ్ళి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు బాగానే ఉంటుంది.